దేవుని పిడికెడు

"ఎవలు తిన్నరు?"

తోమాసు సారు ఈ మాట అడగడం ఇది నాలుగోసారి. మూడుసార్లు అరిచి అడిగాడు. నాలుగోసారి మెల్లగా అడిగాడు. ఆయన మెల్లగా మాట్లాడినప్పుడే ఆ ఇంట్లో అందరికీ భయం.

ఆదివారం పొద్దున ఏడు కూడా కాలేదు. హాల్లో దుప్పటి పరిచి, దాని మీద దేవుని కుండను బోర్లించాడాయన. పడ్డ బియ్యం చాటలోకి ఎత్తితే సగానికి కూడా రాలేదు. నెలాఖరు ఆదివారం కదా, కుండ మెడ దాకా నిండి ఉండాలి. ఈ పూటే దాన్ని గుడికి తీసుకుపోవాలి.

"పోయిన ఆదివారం నేనే మూత తీసి చూసిన. ముప్పావు కుండ ఉండె. వారం రోజులల్ల ఇంకింత పెరగాలె గని తరుగుతదా? ఎలుక తిన్నదా? ఎలుక మూత తీసి, తిని, మళ్ల మూత పెట్టిపోయిందా?"

ఎవరూ నవ్వలేదు.

గోడకు ఆనుకుని భార్య మగ్దలేనమ్మ. తలుపు దగ్గర కొడుకు జేమ్స్. వంటింటి గడపలో కోడలు ప్రిస్కిల్లా, ఆమె చంకలో ఏడు నెలల పాప. తిన్నది ఆ కోడలే. ఈ సంగతి నేను ముందే చెప్పేస్తున్నాను, దాచి మిమ్మల్ని ఊరించడం నాకు ఇష్టం లేదు. దొంగ ఎవరో తెలిశాక కూడా చెప్పుకోవాల్సింది చాలా ఉంది.

మగ్దలేనమ్మ పెళ్లయి హుజూరాబాద్ వచ్చిన నాటి నుంచి ఆ కుండ వంటింటి మూల కదలలేదు. వంటకు బియ్యం తీసిన ప్రతిసారీ ఒక పిడికెడు దేవుని పేరు మీద అందులో వేయాలి. నెలాఖరు ఆదివారం ఆడవాళ్లంతా ఎవరి కుండ వాళ్లు తెచ్చి చర్చిలో పాస్టరు అయ్యగారి ముందు పెడతారు. ఎవరి కుండ ఎంత నిండిందో అందరూ ఓరకంట చూస్తారు. అందులో తోమాసు సారు కుండ ఎప్పుడూ ముందు వరసలో ఉండేది.

చిత్రమేమిటంటే, ఆ ఇంట్లో అన్నం వండి నలభై రెండు రోజులైంది.

సారు ముప్పై ఏళ్లు హాస్టల్ వార్డెనుగా చేసి రిటైరయ్యాడు. పిల్లలకు బియ్యం కొలిచి పోయించడం, దొంగతిండి తిన్నవాణ్ని పట్టుకోవడం, ఇవి రెండే ఆయనకు తెలిసిన పనులు. షుగరు మూడు వందలు దాటిందని కరీంనగర్‌లో డాక్టరుకు చూపిస్తే, ఆయన మందులు రాసి, తిండి లెక్క చెప్పే మేడం దగ్గరికి పంపాడు. ఆమె బల్ల మీద ఒక ప్లాస్టిక్ కప్పు పెట్టింది.

"అన్నం మానక్కర్లేదు సార్. పూటకు ఈ కప్పుతో ఒక్క కప్పు తినండి. కూర, పప్పు ఎక్కువ పెట్టుకోండి. రొట్టె తింటే చిన్నవి రెండు. జొన్నరొట్టె కదా అని ఎక్కువ తినకండి, అన్నంలో ఉన్నదే దాంట్లోనూ ఉంటుంది," అని చెప్పింది.

పక్కనే కూర్చున్న జేమ్స్ అంతా విన్నాడు. సారు వినలేదు. కప్పును చూడగానే ఆయన చెవులు మూసుకుపోయాయి.

"ముప్పై ఏండ్లు నేను మందికి కొలిచిన. గిప్పుడు నాకొక ఆడపోరి కప్పుతోని కొలుస్తదా?" అని వచ్చే దారిలో ఆ కప్పును బస్సు కిటికీలోంచి విసిరేశాడు. ఇంటికొచ్చి బియ్యం డ్రమ్ముకు తాళం వేశాడు. "నాకు లేని అన్నం గీ ఇంట్ల ఎవలకూ లేదు," అన్నాడు. డాక్టరు అన్నం బందు పెట్టమన్నాడని ఊరంతా చెప్పుకున్నాడు. జేమ్స్ కాదనలేదు.

అప్పటి నుంచి మూడు పూటలా జొన్నరొట్టె. సారు పూటకు పళ్లెమంత రొట్టెలు ఐదు తింటాడు. అన్నం ముట్టకపోయినా షుగరు దిగదేమిటని, వేలి రక్తంతో దాన్ని కొలిచే మిషన్‌ను తిడతాడు. దేవుని పిడికెడు మాత్రం ఆగకూడదన్నాడు. రోజుకు రెండుసార్లు తాళం తీసిస్తే, మగ్దలేనమ్మ తాము తినని బియ్యం ఒక్కో పిడికెడు తీసి కుండలో వేసి, చెయ్యి దులుపుకుని, పిండి పిసకడానికి కూర్చునేది.

"పాలు పడుతలేవు మామా. నాకొక్కదానికి ఇంత అన్నం వండుకుంట," అని ప్రిస్కిల్లా ఒక్కసారి అడిగింది. ఆ సాయంత్రమే ఆమెను శ్రీరాంపూర్‌లో పుట్టింటికి పంపించాడు. పాపను పంపలేదు. పదకొండు రోజులు పాప డబ్బా పాల మీద ఉంది, తల్లి రైకలో గుడ్డలు కుక్కుకుని ఉంది. తర్వాత జేమ్స్ పోయి బతిమాలి తీసుకొచ్చాడు. ఇంకోసారి ఈ ఇంట్లో అన్నం మాట వినిపిస్తే ఆమె ఒక్కతే పోవాలి, పాప ఇక్కడే ఉంటుంది అన్నది సారు పెట్టిన షరతు. జేమ్స్ దానికీ సరేనన్నాడు.

వచ్చిన మూడో రోజునే ప్రిస్కిల్లా దేవుని కుండ మూత తీసింది.

సారు మధ్యాహ్నం పెన్షనర్ల భవనానికి క్యారమ్స్ ఆడ్డానికి పోతాడు. ఆ గంటన్నరలో, అత్తమ్మ తన గదిలో కునుకు తీస్తుండగా, పాప ఉగ్గు గిన్నెలో నాలుగైదు పిడికిళ్లు ఉడికించుకుని, ఉప్పు, పచ్చడి వేసుకుని నిలబడే తినేది. పాల కోసమే అని తనకు తాను చెప్పుకుంది. నిజానికి అన్నం కోసమే. పొగలు కక్కే అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే ఆమెకు ఏడుపొచ్చేది. నిన్న కూడా తిన్నది.

"చెప్పరా? మంచిది," అన్నాడు సారు. "లైన్ల నిలబడుండ్రి."

"బాపూ, గుడికి తయారు గావాలె..." అన్నాడు జేమ్స్.

"గుడికి ఏం పట్టుకోని పోదామురా? గీ గుప్పెడా? దేవుని బియ్యం తిన్న దొంగను ఇంట్ల పెట్టుకోని ఏ మొకం పెట్టుకోని పోత? ఎవలు తిన్నరో వాళ్లను ఇయ్యాల మందిల నిలబెడత. తర్వాత వాళ్లకు గీ ఇంట్ల జాగ లేదు. నిలబడు."

ముగ్గురూ వరసలో నిలబడ్డారు. జేమ్స్‌కు ముప్పై రెండేళ్లు. అతను చదువుకున్నదీ తండ్రి హాస్టల్లోనే. ఒకసారి స్టోరు గదిలో బెల్లం పోతే సారు నలభై మంది పిల్లల్ని ఇలాగే నిలబెట్టి ఒక్కొక్కరి చేతులు వాసన చూశాడు. బెల్లం వాసన జేమ్స్ చేతులకే వచ్చింది. ఆ రోజు పడ్డ దెబ్బలు అతనికి ఇప్పటికీ గుర్తే. అందుకే తండ్రి ఎదుట అతని నోరు పెగలదు.

సారు ఇవాళ చేతులు వాసన చూడలేదు.

"మిషన్ తే, ప్రిస్కిల్లా."

ప్రిస్కిల్లా మిషన్ తెచ్చింది. రోజూ పొద్దున మామ వేలికి సూది గుచ్చి, అంకె చూసి పుస్తకంలో రాసేది ఆమే. కానీ నిన్న తిన్న అన్నం ఇవాళ రక్తంలో కనబడుతుందో లేదో ఆమెకు తెలియదు.

"నేనొక్క ముద్ద తింటే చాలు, గది పట్టుకుంటది," అన్నాడు సారు. "నన్ను పట్టుకున్నది మిమ్ముల పట్టుకోదా? రక్తం అబద్ధం చెప్పదు. ముందుగాల నాకే చూడు."

పాపను చాప మీద పడుకోబెట్టి ప్రిస్కిల్లా సూది గుచ్చింది. నూట డెబ్బై ఒకటి.

"చూసిన్రా? నలభై రెండు దినాల సంది మెతుకు ముట్టని నాకే గింత ఉన్నది. తిన్నోళ్లకు ఎంత ఉండాలె?"

తర్వాత జేమ్స్. నలుగురికీ అదే సూది, మధ్యలో పైట కొంగుతో తుడవడమే. జేమ్స్‌కు తొంభై ఆరు.

తర్వాత తను. సూది రెండుసార్లు జారింది. మూడోసారి గుచ్చుకుంది. మిషన్ ఐదు నుంచి ఒకటి దాకా లెక్కపెట్టే ఆ ఐదు క్షణాలూ ప్రిస్కిల్లా పాప వంకే చూసింది. నీతో నాకు ఇదే చివరి రోజేమో బిడ్డా అనుకుంది.

ఎనభై ఎనిమిది.

నమ్మలేక మళ్లీ చూసింది. ఎనభై ఎనిమిదే. ప్రభువా అని లోపల్లోపల అనుకుంది.

"మగ్దలేనా," అన్నాడు సారు.

మగ్దలేనమ్మ చెయ్యి చాచింది. ఈ మధ్య ఆ చెయ్యి బాగా చిక్కింది, గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. రొట్టె పడక చిక్కిందని అందరూ అనుకున్నారు. ఆమె వేలిని గుచ్చితే రక్తం వెంటనే రాలేదు, పిండితే వచ్చింది.

నాలుగు వందల పన్నెండు.

ప్రిస్కిల్లా ఆ అంకె చదవలేదు. సారే మిషన్ లాక్కుని చదివాడు. చదివి కొడుక్కి చూపించాడు. కోడలికి చూపించాడు. చివరికి భార్య మొహం ముందు పెట్టాడు.

"నువ్వా?" అన్నాడు. "నలభై ఏండ్ల సంది గా కుండల పిడికెడు ఏసిన చెయ్యితోనే తీసినవా?"

"నేను తినలే జేమ్సు బాపూ," అంది మగ్దలేనమ్మ. "ప్రభువు సాక్షి. నేను ముట్టలే."

"ప్రభువును మధ్యలకు తేకు. గీ నాలుగు వందలు ఏంది? యాడికెల్లి వచ్చినయి?"

"నాకేం ఎరుక. నాకు వారం దినాల సంది పాణం మంచిగ లేదు. ఒకటే దూప. ఎన్ని నీళ్లు తాగినా నోరు ఎండుకపోతుంది. రాత్రి ఆరుసార్లు బయటికి లేచిన..."

"తిన్నది అరగాలె కదా మరి!"

జేమ్స్ గొంతు సవరించుకున్నాడు. "బాపూ, జర ఆలోచన చెయ్యి. అవ్వకు గూడ షుగరు వచ్చిందేమో. పరగడుపున గంత ఉన్నదంటే..."

"షుగరు నాకు!" అని గర్జించాడు సారు. "గీ ఇంట్ల షుగరు ఉన్నది నాకు. మా నాయినకు ఉండె, నాకొచ్చింది. ఆమెకు ఎవలిచ్చిన్రు? దొంగతనంగ తిని దొరికితే షుగరంటవా? అవ్వకు వకీలువా నువ్వు?"

జేమ్స్ తల దించుకున్నాడు. ఇంకొక్క మాట అంటే ఏమయ్యేదో తెలియదు, అతను అనలేదు. కన్నతల్లి కోసం కూడా ఒక మాట మీద నిలబడలేని మగవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఏం చేస్తాం, అలాంటివాళ్లకు మన దగ్గర మంచివాడని పేరు.

ప్రిస్కిల్లాకు అంతా తెలుసు. కరీంనగర్‌లో ఇచ్చిన కాగితాన్ని ఆమే వంటింటి గోడకు అంటించింది. పరగడుపున నూట ఇరవై ఆరు దాటితే షుగరు జబ్బు అని అందులో రాసి ఉంది. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, చిక్కిపోవడం అని రాసి ఉంది. అత్తమ్మకు జబ్బు వచ్చిందని ఆ అంకె చూడగానే ఆమెకు అర్థమైపోయింది. అది జబ్బు అంటే దొంగ అత్తమ్మ కాదు. మరి ఎవరు? ప్రిస్కిల్లా నోరు మూసుకుంది.

"గీ బియ్యం ఇగ దేవునికి పనికిరావు," అన్నాడు సారు. "ఎంగిలి పడ్డయి. ప్రిస్కిల్లా, రెండు డబ్బాలు వండు. అంత ఆకలైన మనిషిని మాడపెట్టుడు పాపం. కడుపు నిండ పెడుదాం."

"రెండు డబ్బాలా మామా?"

"ఇనబడలేదా?"

అర్ధకిలో బియ్యం. ప్రిస్కిల్లా కడిగి గంజు గిన్నెను పొయ్యి మీద పెట్టింది. ఎసరు మరిగి, మెతుకు ఉడుకుతున్న వాసన నలభై రెండు రోజుల తర్వాత ఇల్లంతా పాకింది. హాల్లో సారు కూడా ముక్కు ఎగబీల్చాడు. ఆయన నోట్లోనూ నీళ్లూరే ఉంటాయి.

మగ్దలేనమ్మ వంటింట్లోకి వచ్చి బిందెలో చెంబు ముంచి గటగటా తాగింది. మళ్లీ ముంచింది. తాగి, బిందెను పట్టుకునే నిలబడింది.

"నువ్వే తిన్నవు," అంది నెమ్మదిగా.

ప్రిస్కిల్లా అన్నం కలియబెడుతూనే ఉంది.

"పాప గిన్నె అడుగంటింది. ఉగ్గు మాడితే గట్ల మాడదు. నాలుగు దినాల కిందనే తోముకుంట చూసిన."

"చూస్తే అప్పుడే ఎందుకు చెప్పలే?"

"పాలిచ్చేదానివి, ఆకలైందేమో పోనీ అనుకున్న. గిప్పుడు పోయి చెప్పు బిడ్డా. ఆయన నాతోని గిదంత తినిపిస్తడు. నాకు కండ్లు మసకలు వస్తున్నయి. నిలబడితే గోడలు తిరుగుతున్నయి. నీ కాళ్లు మొక్కుత."

"నాకు ఎనభై ఎనిమిది వచ్చింది అత్తమ్మా."

"గది మిషన్ ముచ్చట. నేను నిజం అడుగుతున్న."

ప్రిస్కిల్లా గంటె పక్కన పెట్టి మొదటిసారి అత్త మొహంలోకి చూసింది.

"నన్ను పుట్టింటికి ఎల్లగొట్టిన దినం తలుపుకు గొళ్లెం ఎవలు పెట్టిన్రు?"

మగ్దలేనమ్మ చెంబును చేతిలో తిప్పింది.

"చెప్పు అత్తమ్మా. ఎవలు పెట్టిన్రు?"

"ఆయన పెట్టుమన్నడు."

"నువ్వు పెట్టినవు. నేను బయట, నా బిడ్డ నీ చంకల. ఏడ్చీ ఏడ్చీ దాని గొంతు పోయింది. నా రైక పాలతోని తడిసి కారుతుంటే కిటికీల నుంచి చూసినవు. చూసి పరదా ఏసుకున్నవు. ఒక్క మాట అన్నవా ఆయనను?"

"ఆయన ముందల నేనేం అంటనే? నేనేం చేస్తుంటి?"

"నేను గూడ గంతే," అంది ప్రిస్కిల్లా. "నేనేం చేస్త?"

అన్నం ఉడికింది. ఆమె గంజి వార్చింది. మగ్దలేనమ్మ ఇంకో చెంబు నీళ్లకు వంగబోతే హాల్లోంచి సారు పిలిచాడు.

హాల్లో చాప వేసి ఉంది. చాప ముందు తలె, పెద్ద స్టీలు పళ్లెం. కూర లేదు, పప్పు లేదు, గిన్నెలో ఇంత ఉప్పు మాత్రం పెట్టించాడు సారు. తను కుర్చీలో కూర్చున్నాడు. హాస్టల్లో పిల్లలు తినేటప్పుడు కూడా అలాగే కుర్చీ వేసుకుని కూర్చునేవాడు.

"వడ్డించు."

ప్రిస్కిల్లా రెండు గంటెలు పెట్టింది.

"రెండు గంటెలు నాకు ఒకప్పుడు చారుల సరిపోయేటియి. ఇంకొకటి పెట్టు. ఇంకొకటి."

మగ్దలేనమ్మ అన్నంలో చెయ్యి పెట్టబోయింది.

"ప్రార్థన లేకుండనే తింటవా? దొంగతిండికి అలవాటైతే గట్లనే అయితది. చెయ్యి. అందరికి ఇనబడేటట్టు చెయ్యి."

ఆమె కళ్లు మూసుకుంది. "ప్రభువా, నీవు దయచేసిన ఈ ఆహారమునకై నీకు వందనాలు," అంది. ఆమేన్ అని జేమ్స్ అన్నాడు, అలవాటు చొప్పున.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే మగ్దలేనమ్మ మొహం ఒక్క క్షణం వికసించింది. దాచలేకపోయింది. ఆమె కూడా నలభై రెండు రోజులు అన్నం లేకుండా ఉన్న మనిషే కదా. సారు ఆ మొహం చూసి తల ఊపాడు.

"చూసిన్రా? రుచి తెలిసిన నోరు."

నాలుగైదు ముద్దల తర్వాత ఆమెకు మింగుడు పడలేదు. నోట్లో తడి లేదు.

"నీళ్లు," అంది.

"తిన్నంక."

"గొంతుల పట్టుకుంటుంది. జర నీళ్లు ఇయ్యుండ్రి."

"బాపూ, నీళ్లన్న..." అని జేమ్స్ ఒక అడుగు వేశాడు. సారు చెయ్యెత్తి అతన్ని ఆపాడు. ఉత్త చెయ్యి ఎత్తాడంతే. జేమ్స్ ఆగిపోయాడు.

సగం తలె తినేసరికి మగ్దలేనమ్మ నుదుటి మీద చెమటలు పట్టాయి. చెయ్యి తలెలో పెట్టి అలాగే కూర్చుంది. తర్వాత తలెత్తి కోడల్ని చూసింది. ఆ చూపులో ఇక బతిమాలడం లేదు.

"తిన్నది నీ కోడలు," అంది. "నేను గాదు. పాప గిన్నెల వండుకోని తిన్నది. అడుగు."

పక్క చాప మీద పాప కాళ్లాడిస్తూ ఏదో శబ్దం చేసుకుంటోంది.

సారు కుర్చీలోంచి లేచాడు. కోడలి ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నువ్వు తిన్నవా?"

జేమ్స్ భార్య వంక చూశాడు. ఆమె చేతిలో గంటె ఉంది. గంటెకు మెతుకులు అంటుకుని ఉన్నాయి. అడుగు దూరంలో పాప ఉంది. తిన్న అని ఒక్క మాట అంటే చాలు, అత్తమ్మ ముందు నుంచి ఆ తలె లేస్తుంది. అదే మాటతో పాప కూడా దూరమవుతుంది. ఈ రెండింట్లో ఏది బరువో తూచుకోవడానికి ఆమెకు ఎక్కువసేపు పట్టలేదు. పట్టి ఉంటే ఆమె మీద నాకు కొంచెం జాలి కలిగేది.

"లేదు మామా," అంది.

అది అబద్ధమని జేమ్స్‌కు తెలిసిపోయింది. బెల్లం తినలేదని అతను కూడా ఒకప్పుడు అదే గొంతుతో అన్నాడు. అయినా పెదవి విప్పలేదు.

"మిషన్ ఒకటి చెప్తది, నువ్వొకటి చెప్తవు," అన్నాడు సారు భార్యతో. "తిన్నది గాక కోడలి మీదికి నెడుతవా? పాలిచ్చే పిల్ల మీద చాడీలు చెప్పనీకి నోరెట్ల వచ్చిందే? ప్రిస్కిల్లా, గా అబద్ధానికి ఇంకొక గంటె పెట్టు."

ప్రిస్కిల్లా వంగి పెట్టింది. పొద్దున సూది జారిన చేతి నుంచి ఇప్పుడు ఒక్క మెతుకు కూడా జారలేదు. అత్త చెయ్యి తలెలోనే ఉంది, వేడి అన్నం ఆ వేళ్ల మీద పడింది. మగ్దలేనమ్మ చెయ్యి తీసుకోలేదు. కళ్లు దించుకుని మళ్లీ తినడం మొదలుపెట్టింది.

తలె ఖాళీ అయ్యేసరికి ఎనిమిదిన్నర దాటింది. అప్పుడు నీళ్లిచ్చారు. రెండు చెంబులు తాగి, గోడ పట్టుకుంటూ పోయి తన గదిలో పడుకుంది.

పదిన్నరకు ఆరాధన. పది కావస్తుండగా సారు తెల్లబట్టలు వేసుకుని, బైబిలు చంకలో పెట్టుకుని, ఖాళీ కుండను స్వయంగా చేతికి తీసుకున్నాడు.

"గిది గిట్లనే పట్టుకపోదాం. ఎందుకు ఖాళీనో నేనే లేచి చెప్త. ఆమెను పక్కన నిలబెట్టి చెప్త. ప్రిస్కిల్లా, పోయి లేపు. మంచి చీర కట్టి తోలుకరా."

సారు, జేమ్స్ గేటు దగ్గరికి నడిచారు. అక్కడ సారుకు, అత్తమ్మకు పిలిపించిన ఆటో, పక్కనే జేమ్స్ మోటారుసైకిలు ఉన్నాయి. ప్రిస్కిల్లా పాపను ఎత్తుకుని గదిలోకి పోయింది.

మగ్దలేనమ్మ ఒక పక్కకు తిరిగి పడుకుని ఉంది. ఊపిరి బరువుగా, చప్పుడుతో వస్తోంది. పెదవులు పగిలి తెల్లగా ఉన్నాయి. చీర తడిసి ఉంది, ఆమెకు తెలియలేదు.

"అత్తమ్మా. మామ రమ్మంటుండు. లే."

కళ్లు సగం తెరుచుకున్నాయి. కోడల్ని చూశాయి గానీ గుర్తుపట్టలేదు.

"నల్లా వచ్చిందా అక్కా?" అంది మగ్దలేనమ్మ. "బిందె పెట్టు. నాకు పెట్టు."

"అత్తమ్మా, నేను. ప్రిస్కిల్లాను."

"బిందె..." అంది. కళ్లు మళ్లీ మూతబడ్డాయి. భుజం పట్టి ఊపితే మూలిగింది. ఇంకోసారి ఊపితే మూలగలేదు.

వంటింటి గోడ మీది కాగితంలో చివరి వరస ఎర్ర సిరాతో ఉంది. మాట తడబడినా, మత్తుగా ఉండి లేపితే లేవకపోయినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకుపోవాలి. ప్రిస్కిల్లాకు అది నోటికొచ్చు. మామకు ఎప్పుడు అలా అవుతుందోనని ఆమె దాన్ని రోజూ చదివేది. ఫోను ఆమె చేతిలోనే ఉంది. అంబులెన్సుకు మూడు అంకెలు నొక్కితే చాలు.

ఆస్పత్రిలో రక్తం తీస్తారు. ఈమెకు షుగరు జబ్బు, ఎన్నాళ్ల నుంచో ఉంది, మీకు తెలియలేదు అని డాక్టరు చెబుతాడు. డాక్టరు చెబితే మామ నమ్మక తప్పదు. నమ్మిన మరుక్షణం మళ్లీ అందరినీ వరసలో నిలబెట్టి ఎవలు తిన్నరు అని అడుగుతాడు. అప్పుడు ఆ వరసలో మిగిలేది ఇద్దరే.

బయట జేమ్స్ హారన్ కొట్టాడు. ప్రిస్కిల్లా దుప్పటి లాగి అత్తమ్మ తడిసిన చీర మీద కప్పింది. పాపను భుజానికి ఎత్తుకుని గేటు దగ్గరికి వచ్చింది.

"ఏది?" అన్నాడు సారు.

"నిద్ర పోతుంది మామా."

"నిద్రనా? లేపలేదా?"

"లేపిన. తిన్నది కదా, మంచి నిద్రల ఉన్నది."

సారు వెటకారంగా నవ్వాడు. "పండనీ. పేరు చెప్పనీకి మనిషి ఉండాల్నా?" అని కుండ పట్టుకుని ఆటో ఎక్కాడు.

ఆటో పోయాక కూడా జేమ్స్ బండి స్టార్ట్ చేయలేదు. ఇంటి తలుపు వైపు చూస్తున్నాడు.

"ప్రిస్కిల్లా, అవ్వ మంచిగనే ఉన్నదా? నేనొకసారి చూసొస్త."

ఆమె పాప తల మీద కొంగు సర్దింది. వెనక సీటు మీద కూర్చుని, ఒక చెయ్యి అతని భుజం మీద వేసింది.

"నిద్ర చెడగొట్టకు," అంది. "పోనియ్యి."